పాత బండికి బయటి సైలెన్సర్ బిగించడం ఎలా?

వారానికి ఒకరిద్దరైనా అడుగుతున్నారు. మాటలు వేరైనా ప్రశ్న ఒకటే. "మా నాన్నగారి బండి, ఏపీ 03 నంబరు. సైలెన్సర్ అడుగున తుప్పు పట్టి చిల్లు పడింది. బయటి కంపెనీది కొని వేయించాను. అప్పటి నుంచి గేరు మీద దిగుతుంటే టపటపమని పేలుతోంది. సైలెన్సర్ మంచిది కాదా?"

చాలావరకు సైలెన్సర్ తప్పు ఉండదు, బిగించిన తీరులోనే ఉంటుంది. నాకూ అదే జరిగింది. మా ఇంట్లోని పాత స్ప్లెండర్‌కు మొదటిసారి సైలెన్సర్ మార్చి, ఆ ఆదివారమే పీలేరు వెళ్లివస్తూ భాకరాపేట ఘాట్ దిగాను. దిగినంతసేపూ దీపావళే. ఇంటికి వచ్చి విప్పి చూస్తే హెడ్డు (ఇంజిన్ పై భాగం) రంధ్రంలో పాత గాస్కెట్ (అతుకు కారకుండా మధ్యలో పెట్టే రింగు) అలాగే అతుక్కుని ఉంది, దాని మీదే కొత్తది పెట్టి బిగించాను. ఇది ఇంటి దగ్గర ఒక పూటలో అయ్యే పని. కష్టమైన చోట్లు రెండే: హెడ్డు దగ్గరి అతుకు, బోల్టులు బిగించే వరుస. అందుకే వాటి దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

కింద చెప్పేదంతా కార్బురేటర్ ఉన్న ఫోర్ స్ట్రోక్, సింగిల్ సిలిండర్ బళ్లకు: స్ప్లెండర్, ప్యాషన్, పాత పల్సర్, పాత బుల్లెట్ వగైరా. ఆర్ఎక్స్ 100 లాంటి టూ స్ట్రోక్ బళ్లున్నవారు దీన్ని అనుసరించవద్దు. వాటి సైలెన్సర్ పొడవు, లావు, లోపలి ఆకారం అన్నీ ఇంజిన్ బలంలో భాగమే. అందంగా ఉందని వేరేది తగిలిస్తే శబ్దం పెరిగి బండి లాగడం మానేస్తుంది.

కొనే ముందు

మొదట చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190(2) ప్రకారం శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు మీరిన బండిని రోడ్డు మీద నడిపితే, మొదటిసారి పట్టుబడినా 10,000 రూపాయల వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు లేదా రెండూ పడవచ్చు. లైసెన్సు కూడా మూడు నెలలు పోతుంది. 2019 సవరణ తరువాతి లెక్క ఇది. తీయించిన సైలెన్సర్లను రోడ్డు రోలరుతో తొక్కించే ఫొటోలు పత్రికల్లో చూసే ఉంటారు. కాబట్టి లోపల శబ్దం తగ్గించే బ్యాఫిల్ ఉన్నదే కొనండి. ఖాళీ గొట్టం కొనవద్దు. దాని వల్ల బలం పెరుగుతుందన్నది భ్రమ, చెవికి అలా అనిపిస్తుందంతే. పైగా మన తిరుపతిలో రుయా, స్విమ్స్ ఆసుపత్రులు రెండూ అలిపిరి రోడ్డులోనే ఉన్నాయి. అర్ధరాత్రి ఆ దారిలో ఖాళీ గొట్టంతో వెళ్లేవారిని ఆపి, లోపల మంచం మీద ఉన్న మనిషి పక్కన ఒక గంట కూర్చోబెట్టాలని నాకు చాలాసార్లు అనిపించింది.

రెండో సంగతి కొలతలు. మనకు ఒక పక్క చెన్నై, ఇంకో పక్క బెంగళూరు. పుదుపేటలోనో జేసీ రోడ్డులోనో తక్కువకు దొరికిందని తెచ్చుకుని, ఇంటికి వచ్చాక పట్టదని తెలుసుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. తిరిగి వెళ్లి మార్చుకోవాలంటే ఒక రోజు, బస్సు చార్జీలు అదనం. వెళ్లేముందే మూడు కొలతలు రాసుకోండి: బెండు పైపు (హెడ్డు నుంచి సైలెన్సర్‌కు వచ్చే వంపు గొట్టం) బయటి వ్యాసం, హెడ్డు దగ్గరి రెండు స్టడ్డుల (హెడ్డులో బిగించి ఉండే తల లేని బోల్టులు) మధ్య దూరం, ఆ స్టడ్డుల నుంచి వెనక బోల్టు దాకా దూరం. పైపు వ్యాసాన్ని టేపుతో కొలవకండి. లేత్ షాపులో వెర్నియర్‌తో కొలిపించుకోండి. ఒక మిల్లీమీటరు తేడా వచ్చినా అతుకు కారుతుంది.

మూడోది: పాత సైలెన్సర్‌ను కోయకండి, పారేయకండి. స్ప్లెండర్ లాంటి బళ్లలో బెండు పైపు, సైలెన్సర్ ఒకే ముక్కగా వెల్డింగ్ అయి ఉంటాయి. కొత్తదానికి పాత బెండు పైపే వాడదామని హాక్సా పట్టుకోకండి, విడి బెండు పైపు కొనుక్కోండి. పదిహేనేళ్లు దాటిన బండికి ప్రతి ఐదేళ్లకూ రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. తనిఖీ నాడు కంపెనీ సైలెన్సర్ మన దగ్గర ఉండడం మంచిది. చిల్లు పడినా వెల్డింగ్ చేయించి అటక మీద పెట్టండి.

కావలసినవి

- 10, 12, 14 నంబరు రింగు పానాలు, సాకెట్లు. చాలా పాత బుల్లెట్లలో బ్రిటిష్ కొలతల నట్లు ఉంటాయి. వాటికి మిల్లీమీటరు పానాలు వేస్తే మూలలు అరిగిపోతాయి.
- కొత్త గాస్కెట్, ఒకటి కాదు రెండు. చవకే, ఒకటి పాడవుతుంది.
- కొత్త నట్లు, స్ప్రింగ్ వాషర్లు.
- తుప్పు వదిలించే ఆయిల్ (డబ్ల్యూడీ-40 లాంటిది). లేకపోతే డీజిల్, కాకపోతే రాత్రంతా నాననివ్వాలి.
- వైరు బ్రష్, ఎమరీ కాగితం, టార్చి, చెక్క సుత్తి.
- కాపర్ గ్రీజు. దొరక్కపోతే గ్రాఫైట్ గ్రీజు. మామూలు గ్రీజు వాడితే కాలి రాయిలా గట్టిపడుతుంది.
- బెండు పైపు, సైలెన్సర్ విడివిడిగా ఉంటే వేడి తట్టుకునే సైలెన్సర్ పేస్టు. ఇంజిన్ కవర్లకు పూసే మామూలు సిలికాన్ ఇక్కడ రెండు రోజులు కూడా నిలవదు.
- థిన్నర్, శుభ్రమైన గుడ్డ, చేతి తొడుగులు.

చేసే పద్ధతి

1. ముందు పాత శబ్దాన్ని కొలిచి పెట్టుకోండి. ఎవరూ చేయరు, తరువాత అందరూ బాధపడతారు. పాత సైలెన్సర్ చివర నుంచి అర మీటరు దూరంలో, గొట్టానికి 45 డిగ్రీల పక్కగా ఫోను పట్టుకుని శబ్దం కొలిచే యాప్‌తో స్లోలో (యాక్సిలరేటరు ఇవ్వకుండా) ఒకసారి, సగం యాక్సిలరేటరులో ఒకసారి చూసి రాసుకోండి. ఫోను చూపే అంకె కచ్చితమైనది కాదు. అయినా ఒకే ఫోను, ఒకే చోటు కాబట్టి తేడా తెలుస్తుంది. చిల్లు ఇప్పటికే పెద్దదైతే ఈ కొలత పనికిరాదు, అదే రకం మంచి బండిని కొలవండి.

2. నట్లకు ఆయిల్ పట్టించి వదిలేయండి. ముందు రోజు రాత్రి ఒకసారి, పొద్దున ఒకసారి. రెండు మూడు ఫొటోలు తీసుకోండి. వాషర్ ఏ వైపు ఉందో మీకు గుర్తుంటుందని అనుకుంటారు, ఉండదు. పని ఆరుబయట చేయండి. ఇంజిన్ నడిపి చూసేటప్పుడు షట్టరు వేసిన గదిలోనో సెల్లారులోనో ఉండవద్దు. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు.

3. హెడ్డు దగ్గరి నట్లు విప్పండి. ఇక్కడ తొందరపడితే పూట పని వారం పని అవుతుంది. చిన్న బళ్లలో ఆ స్టడ్డులు 6 మి.మీ.వే. ఏళ్ల తరబడి ఎండకు, వానకు, వేడికి తుప్పు పట్టి ఉంటాయి. ఇంజిన్‌ను రెండు నిమిషాలు నడిపి ఆపండి, గోరువెచ్చగా ఉండగా పని మొదలుపెట్టండి. నట్టు తల మీద చిన్నగా నాలుగు దెబ్బలు వేసి, పావు చుట్టు విప్పండి, మళ్లీ కొంచెం బిగించండి, మళ్లీ విప్పండి. బిగుసుకుంటే ఇంకాస్త ఆయిల్ వేసి టీ తాగి రండి. పానాకు గొట్టం తొడిగి పొడవు పెంచి లాగవద్దు. నట్టుతో పాటు స్టడ్డే తిరిగి బయటికి వస్తే భయపడకండి, అది మంచిదే, కొత్త స్టడ్డు వేసుకోవచ్చు.

స్టడ్డు విరిగితే? బయట కొంత మిగిలి ఉంటే రెండు నట్లు దాని మీద ఒకదానికొకటి బిగించి, లోపలి నట్టును పానాతో విప్పితే స్టడ్డు వస్తుంది. హెడ్డుతో సమానంగా విరిగితే అక్కడితో ఆపండి. చేతి డ్రిల్లుతో ప్రయత్నించవద్దు. ఉక్కు స్టడ్డు గట్టిది, అల్యూమినియం హెడ్డు మెత్తనిది. డ్రిల్లు బిట్టు జారి మెత్తని వైపుకే పోతుంది. లేత్ షాపులో మిగిలిన ముక్క మీద నట్టు వెల్డింగ్ చేసి తీస్తారు, లేదా నడిమధ్య రంధ్రం వేసి కొత్త మరలు కట్టిస్తారు.

4. వెనక బోల్టు తీసి సైలెన్సర్ దించండి. దించేటప్పుడు ఒక చేత్తో పట్టుకోండి. కొన్ని బళ్లలో కుడి ఫుట్‌రెస్టునో బ్రేకు పెడల్‌నో కూడా విప్పాల్సి వస్తుంది. పాత కాస్ట్ ఐరన్ ఇంజిన్ బుల్లెట్లలో స్టడ్డులు ఉండవు. బెండు పైపు హెడ్డు రంధ్రంలోకి నేరుగా దూరి ఉంటుంది. మధ్యలోని బ్రాకెట్టు విప్పి, పైపును కుడి ఎడమలకు కొద్దికొద్దిగా తిప్పుతూ చెక్క సుత్తితో తడుతూ లాగాలి.

5. హెడ్డు రంధ్రాన్ని శుభ్రం చేయండి. ఈ మొత్తం పనిలో నేను ఒక్క మెట్టునే పట్టుబట్టి చెప్పాలంటే ఇదే చెబుతాను. టార్చి వేసి రంధ్రం అంచు చూడండి. పాత గాస్కెట్ మసి పట్టి, హెడ్డులో భాగమే అన్నట్టు కనిపిస్తుంది. అనుమానం ఉంటే చిన్న స్క్రూడ్రైవర్ మొనతో అంచు గీకి చూడండి. రాగి మెరుపు కనిపిస్తే అది గాస్కెటే. ఒక చోట లేపి, నెమ్మదిగా చుట్టూ లేపుతూ తీయండి. హెడ్డు అంచు మీద గీత పడితే అక్కడి నుంచే గాలి కారుతుంది, కాబట్టి మసి గీకడానికి వెదురు ముక్కో ఇత్తడి ముక్కో వాడండి. ఎగ్జాస్ట్ వాల్వు తెరిచి ఉంటే మసి లోపలికి పడుతుంది. కిక్కరును నెమ్మదిగా నొక్కుతూ వాల్వు మూసుకునే చోట ఆపి, గుడ్డ ముక్క కుక్కి, అప్పుడు గీకండి. గుడ్డ తీయడం మరవకండి. నవ్వకండి, మరిచినవాళ్లను చూశాను.

6. కొత్త సైలెన్సర్‌ను వట్టిగా పెట్టి చూడండి. గాస్కెట్ లేకుండా, నట్లు వేళ్లతో మాత్రమే తిప్పి, వెనక రంధ్రం ఎక్కడికి వస్తుందో చూడండి. లోపల వెల్డింగ్ రవ్వలు, ప్యాకింగ్ కాగితం లేకుండా దులపండి. బెండు పైపు సైలెన్సర్ మూతిలోకి కనీసం 40 మి.మీ. దూరాలి. వదులుగా ఉంటే క్లాంపు (చుట్టూ బిగించే పట్టీ) బిగిస్తే సరిపోతుందని అనుకోవద్దు. లేత్ షాపులో స్లీవ్ (సందు నింపే గొట్టం ముక్క) చేయించి, దాని అంచున హాక్సాతో నాలుగు చీలికలు పెట్టించండి. చీలికలు లేకపోతే క్లాంపు ఎంత బిగించినా గొట్టం ముడుచుకోదు.

వెనక రంధ్రం ఐదారు మిల్లీమీటర్లు పక్కకు వస్తే సైలెన్సర్‌ను గుంజి బోల్టు వేయకండి. బ్రాకెట్టు, ఫ్రేము మధ్య వాషర్లు వేయండి, లేదా బ్రాకెట్టు రంధ్రాన్ని ఆకురాయితో కోలగా చేయండి. గుంజి బిగించిన సైలెన్సర్ ఆ బిగువునంతా హెడ్డు స్టడ్డుల మీద మోపుతుంది. కొన్నాళ్లకు బ్రాకెట్టు వెల్డింగన్నా పగులుతుంది, స్టడ్డన్నా విరుగుతుంది.

7. గాస్కెట్ పెట్టండి. కొత్తది ఒకటే. బిగువు చాలడం లేదని రెండు పెట్టేవాళ్లున్నారు, రెండూ కారతాయి. కింది నుంచి పెట్టేటప్పుడు జారి పడుతూ ఉంటే అంచుకు రెండు మూడు చోట్ల చుక్కంత గ్రీజు రాస్తే అతుక్కుని నిలుస్తుంది. స్టడ్డుల మరలకు కాపర్ గ్రీజు పలుచగా రాయండి. ఇంకో ఐదేళ్ల తరువాత ఈ నట్లు విప్పేది మీరే. కాలరు రెండు ముక్కలుగా ఉండే బళ్లలో ఆ ముక్కలు రెండూ పైపు అంచును సమంగా పట్టుకున్నాయో లేదో చూడండి. బుల్లెట్ రకంలో పైపు వదులైతే పలుచని రాగి రేకు ఒక చుట్టు చుట్టి, పేస్టు రాసి దూర్చి, చెక్క అడ్డం పెట్టి తట్టండి.

8. బిగించే వరుస. అన్ని బోల్టులూ ముందు వేళ్లతోనే వేయండి. తరువాత హెడ్డు దగ్గర మొదలుపెట్టండి: ఒక నట్టు అర చుట్టు, రెండోది అర చుట్టు, అలా మార్చి మార్చి. ఫ్లాంజ్ (పైపును హెడ్డుకు నొక్కి పట్టే, నట్లు పడే పట్టీ) రెండు వైపులా హెడ్డు నుంచి ఒకే దూరంలో ఉండాలి. హెడ్డు పూర్తయ్యాక మధ్య క్లాంపు, అన్నిటికన్నా చివర వెనక బోల్టు. చాలామంది బరువు మోస్తుందని వెనక బోల్టు ముందు బిగిస్తారు. అక్కడే అతుకు వంకర పోతుంది. బరువు మోయడానికి కింద ఒక ఇటుకనో చెక్కనో పెట్టుకోండి. 6 మి.మీ. స్టడ్డుకు 10 న్యూటన్ మీటర్ల బిగువు చాలు. టార్క్ పానా లేకపోతే చిన్న పానాను మధ్యలో పట్టుకుని మణికట్టు బలంతో బిగించండి, భుజం బలం వద్దు.

9. జాగా చూడండి. బ్రేకు పెడల్ పూర్తిగా నొక్కి చూడండి. పైపుకూ దానికీ మధ్య వేలు పట్టాలి. ఇద్దరిని బండి మీద కూర్చోబెట్టి, షాక్ అబ్జార్బర్లు కిందికి దిగినప్పుడు వెనక బ్రేకు రాడ్డుకో టైరుకో సైలెన్సర్ తగలకుండా ఉందా చూడండి. వెనక కూర్చునేవారి పిక్క ఎక్కడికి వస్తుందో కూడా చూడండి. కంపెనీ సైలెన్సర్‌కు ఉండే వేడి కవరు బయటివాటికి తరచుగా ఉండదు. పిల్లలను ఎక్కించుకునే బండైతే ఆ కవరు లేకుండా బయటికి తీయవద్దు.

10. స్టార్టు చేసే ముందు తుడవండి. థిన్నర్ తడిపిన గుడ్డతో పైపంతా తుడిచి, తరువాత ఒట్టి చేత్తో ముట్టుకోవద్దు. క్రోమ్ మీద మిగిలిన వేలిముద్రలు మొదటి వేడికే కాలి శాశ్వతంగా నిలిచిపోతాయి. మా బండి మీద నా బొటనవేలి ముద్ర ఇప్పటికీ ఉంది.

సరిగ్గా పడిందో లేదో ఎలా తెలుస్తుంది?

మొదటి పది నిమిషాలు కొంచెం తెల్ల పొగ, కాలిన వాసన రావడం సహజం, కొత్త లోహానికి పట్టిన ఆయిల్ అది. అడుగున ఉన్న చిన్న రంధ్రం నుంచి నీటి చుక్కలు పడినా సహజమే. అది చిల్లు అనుకుని వెల్డింగ్ చేయించకండి, నీరు లోపలే నిలిచి రెండేళ్లలో నిజమైన చిల్లు పడుతుంది.

కారుతోందా లేదా అన్నది ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే చూడాలి. స్టార్టు చేసి, పలుచని టిష్యూ కాగితం ముక్కను హెడ్డు అతుకు చుట్టూ తిప్పండి. కాగితం అదిరితే కారుతున్నట్టే. తొడుగు వేసుకున్న చేత్తో మందపాటి గుడ్డ పెట్టి సైలెన్సర్ చివరను రెండు సెకన్లు మూయండి. అతుకులు మంచివైతే ఇంజిన్ ఆగిపోబోతుంది, లేదంటే ఏదో ఒక చోట బుస్సుమంటుంది. కొందరు అగరుబత్తి పొగతో చూస్తారు. పక్కనే కార్బురేటర్, పెట్రోలు పైపు ఉన్నాయి, నేనైతే వద్దంటాను.

పూర్తిగా వేడెక్కించి, పూర్తిగా చల్లారనిచ్చి, నట్లు మళ్లీ ఒకసారి చూడండి. గాస్కెట్ నలిగి కొంత వదులవుతుంది. వంద కిలోమీటర్ల తరువాత ఇంకోసారి. అప్పుడే అతుకు చుట్టూ నల్లని మసి చార ఉందా చూడండి. ఉంటే కారుతోంది, మళ్లీ విప్పి కొత్త గాస్కెట్ వేయాల్సిందే. నలిగిన గాస్కెట్ రెండోసారి పనికిరాదు.

ఇక మిశ్రమం, అంటే గాలి, పెట్రోలు కలిసే పాళ్లు. కొత్త సైలెన్సర్ పొగను సులువుగా వదిలేస్తే ఇంజిన్‌కు గాలి ఎక్కువై పెట్రోలు చాలకపోవచ్చు. గేరులో ఒకే వేగంతో ఐదారు కిలోమీటర్లు నడిపి, చంద్రగిరి వైపు ఖాళీ రోడ్డు అందుకు బాగుంటుంది, క్లచ్చి పట్టి ఇంజిన్ ఆపి పక్కకు తీసుకోండి. కాస్త చల్లారాక ప్లగ్గు విప్పి చూడండి. బెల్లం రంగులో ఉంటే ఏమీ ముట్టుకోవద్దు. సున్నంలా తెల్లగా ఉంటే పెట్రోలు తక్కువ. మసిలా నల్లగా ఉంటే ఎక్కువ. స్లోలో తేడా ఉంటే మిశ్రమం స్క్రూను పావు చుట్టు చొప్పున సరిచేయండి. ఆ స్క్రూ ఇంజిన్ వైపు ఉంటే బయటికి తిప్పితే పెట్రోలు పెరుగుతుంది, ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే లోపలికి తిప్పితే పెరుగుతుంది. ఇది తెలియక తలకిందులుగా తిప్పినవాళ్లే ఎక్కువ. ప్లగ్గు వేగంలో కూడా తెల్లగానే ఉంటే కార్బురేటర్‌లో వేగానికి పెట్రోలు వదిలే మెయిన్ జెట్టు ఒక సైజు పెంచాలి. హెడ్డు దగ్గర పైపు కొద్దిగా బంగారు, నీలి రంగుకు తిరగడం మామూలే. జానెడు పొడవునా ముదురు నీలం పట్టిందంటే మాత్రం పెట్రోలు తక్కువైనా అయి ఉండాలి, ఇగ్నిషన్ టైమింగు (ప్లగ్గులో నిప్పురవ్వ పడే సమయం) వెనకబడైనా ఉండాలి.

మొదట అడిగిన టపటపల సంగతి. యాక్సిలరేటర్ వదిలి గేరు మీద దిగేటప్పుడు పేలుతోందంటే, కాలని పెట్రోలు ఆవిరి పైపులోకి వస్తోంది, అతుకు సందుల్లోంచి బయటి గాలి దానికి తోడై అక్కడ అంటుకుంటోంది. ముందు అతుకు చూడండి, తరువాతే కార్బురేటర్. తలకిందులుగా చేస్తే జెట్లు మార్చి మార్చి డబ్బు పోతుంది, పేలుడు పోదు. అతుకు బాగున్నా పేలుతుంటే, పొగ గొట్టంలోకి కొంచెం గాలి పంపే చిన్న గొట్టం మీ ఇంజిన్‌కు ఉందేమో చూడండి. కొన్ని బళ్లలో కాలుష్యం తగ్గించడానికి అలా ఉంటుంది. దాన్ని మూసేయకండి, దాని రబ్బరు గొట్టం పగిలిందేమో చూసి మార్చండి.

అతుకు పక్కాగా ఉందని తేలేదాకా బండిని తిరుమల కొండకు తీసుకువెళ్లకండి. దిగేటప్పుడు మైళ్ల తరబడి ఇంజిన్ బ్రేకు మీదే వస్తాం, వెనక భక్తుల వాహనాలు, పక్కన శేషాచలం అడవి. పేలుడు ఉందో లేదో తేల్చుకోవాల్సిన చోటు అది కాదు.

చివరగా రెండు కొలతలు మిగిలాయి. ఫోనుతో శబ్దం మళ్లీ అదే దూరంలో కొలవండి. రెండు మూడు డెసిబెల్స్ తేడా వస్తే సర్దుకోవచ్చు. పది పెరిగిందంటే చెవికి దాదాపు రెట్టింపు శబ్దం, బ్యాఫిల్ లేనట్టే. దాన్ని తిరిగి ఇచ్చేయండి. తరువాత కాలుష్య పరీక్ష చేయించండి. 2000 మార్చి 31కి ముందు తయారైన ద్విచక్ర వాహనాలకు కార్బన్ మోనాక్సైడ్ 4.5 శాతం దాటకూడదు. ఆ తరువాత వచ్చిన పాత బళ్లకు పరిమితి 3.5 శాతం. కాగితం చేతికి ఇచ్చేటప్పుడు పాసా ఫెయిలా అని మాత్రమే చూసుకోకుండా ఆ అంకె చదవండి. మీరు స్క్రూ ఎటు తిప్పారో అది చెబుతుంది.